అమ్మ మీద చిన్న పుస్తకం: సంవత్సరీకం నాటికి చేతికందేలా

సంవత్సరీకానికి వచ్చినవాళ్ళ చేతిలో స్టీలు గిన్నెతో పాటు అమ్మ గురించి ముప్పై రెండు పేజీల పుస్తకం కూడా పెట్టాలని చాలా ఇళ్ళల్లో అనుకుంటారు. పెద్దకర్మ నాడు అనుకుని, పదో నెలలో మొదలుపెడతారు. అప్పటికి ప్రెస్సువాడు తొందరపెడతాడు, ఫోటోలు దొరకవు, చివరికి పొగడ్తలు మాత్రం మిగులుతాయి.

ముందు తిథి చూసుకోండి. సంవత్సరీకం ఇంగ్లీషు తేదీకి రాదు. మధ్యలో అధిక మాసం లేకపోతే దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుంది, ఉంటే పద్దెనిమిది, పందొమ్మిది రోజులు ఆలస్యమవుతుంది. పురోహితుణ్ణి అడిగి రోజు ఖాయం చేసుకుని, దానికి ఇరవై రోజుల ముందు మేటరు ప్రెస్సుకు చేరేలా లెక్క వేసుకోండి. అడగడానికి, రాయడానికి నాలుగు నెలలు పడుతుంది. క్రైస్తవ కుటుంబాల్లో జ్ఞాపకార్థ కూడికకు తేదీ ముందే తెలుసు కాబట్టి ఈ చిక్కు ఉండదు.

మొదటి పేజీలో ఆమె పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు వరసగా ఉండాలి. తాతగారి వైపు మూడు తరాల పేర్లు తద్దినంలో చదువుతారు కాబట్టి ఎలాగోలా నిలుస్తాయి. అమ్మమ్మ పుట్టిల్లు ఏ ఊరో మనవడి కొడుక్కి తెలియదు. పుస్తకం వేసేదే అందుకు. మనవలు ఆమెను ఏమని పిలిచేవాళ్ళో కూడా అక్కడే రాయండి: మామ్మ, బాపమ్మ, జేజి, అవ్వ. ‘నాయనమ్మగారు’ అని దిద్దితే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టరు.

పిల్లలను చివర్లో అడగండి. వాళ్ళకు తెలిసింది పెళ్ళయ్యాక ఉన్న మనిషే. ముందు బతికున్న తోబుట్టువులు, తరవాత తోడికోడళ్ళు, ఆడపడుచులు, పక్కింటివాళ్ళు, ఉద్యోగం చేసినా నాట్లకు వెళ్ళినా ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళు. ఒక్కొక్కరి దగ్గర నలభై నిమిషాలు చాలు, ఆపైన పెద్దవాళ్ళు అలిసిపోతారు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద, వాళ్ళకు మూరెడు దూరంలో ఉంచి రికార్డు చేయండి. సీలింగ్ ఫ్యాను ఆపకపోతే సగం మాటలు ఆ హోరులోనే పోతాయి.

‘ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘దేవత’ అంటారు. దాంతో పేజీ నిండదు. ఇలా అడగండి:

పొద్దున లేవగానే చేసే మొదటి పని ఏమిటి?
కోపం వస్తే అరిచేదా, మాట్లాడడం మానేసేదా?
డబ్బు ఎక్కడ దాచేది?
ఎవరికి ఏ కూర పక్కన తీసిపెట్టేది?
ఏ మాట పదే పదే అనేది?

ఈ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబును ఆమె యాసలోనే, ‘గట్లనే’ అంటే ‘గట్లనే’ అని, ‘అట్టాగే’ అంటే ‘అట్టాగే’ అని అచ్చు వేయండి. పాత గ్రూపు ఫోటో ఒకటి చేతికిచ్చి ఎడమ నుంచి ఒక్కొక్కరి పేరు చెప్పమంటే మిగతా కథ వాళ్ళే చెబుతారు.

తేదీల దగ్గర ఎక్కువ తప్పులు పడతాయి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది సంవత్సరం మాత్రమే చెప్పగా నమోదైన తేదీ కావచ్చు. బడి సర్టిఫికెట్‌లోది మాస్టారు చేర్చుకోవడానికి వీలుగా రాసుకున్నది కావచ్చు. జాతకం కాగితం ఉంటే అదే మేలు, అయితే అందులోని తెలుగు సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. చిత్రభాను అంటే 1942 అని రాసేస్తారు. చిత్రభాను 1942 ఉగాదితో మొదలై 1943 ఉగాది దాకా నడిచింది. ఆమె మాఘంలో పుట్టి ఉంటే అది 1943. కాగితమే లేకపోతే ఊరి గుర్తులు పట్టుకోండి: పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరు, నయాపైసలు వచ్చింది 1957, సాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలింది 1967, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, పట్టపగలు చీకటిపడ్డ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16, గోదావరి పెద్ద వరద 1986 ఆగస్టు. ‘ఉప్పెనప్పుడు చిన్నమ్మాయి కడుపులో ఉంది’ అన్న ఒక్క మాటతో రెండు మూడు తేదీలు తేలతాయి. తేలనివాటికి ‘సుమారు’ అని పెట్టండి, పరువేమీ పోదు.

ఆమె చేతి వంట ఒకటి వేయాలనుకుంటే ఆవకాయ అయినా సరే, సున్నుండలైనా సరే, కొలత ఆమె వాడిన గ్లాసుతోనే తీయండి. మానిక, సోల అని రాస్తే ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క. ఆ గ్లాసును వంటింటి కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. 180 గ్రాములు చూపిస్తే అది 180 మిల్లీలీటర్ల గ్లాసు. తరవాత అదే గ్లాసులో ఉప్పు, కారం, ఆవపిండి విడివిడిగా తూచి గ్రాములు రాసుకోండి. ‘అమ్మ లెక్కే వేశాం, ఉప్పు కషాయమైంది’ అనే ఇళ్ళల్లో చాలావరకు జరిగేది ఇదే: ఆమె వేసింది గళ్ళుప్పు, దాని పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది. అదే గ్లాసుకు ప్యాకెట్టు మెత్తటి ఉప్పు పోస్తే తూకం బాగా పెరుగుతుంది. అంచుకు సమంగా తలకొట్టి పోసేదా, కుప్పగా పోసేదా అన్నది కూడా కూతుళ్ళను అడగండి.

ఫోటోలు పోస్టుకార్డు సైజువైతే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), పాస్‌పోర్టు సైజువైతే 600లో స్కాన్ చేయించండి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోను లాగకండి, తడిగుడ్డ అసలే పెట్టకండి, ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా వరండా నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవడమే దారి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. నలుపు తెలుపు ఫోటోకు యాప్‌లో రంగులు వేయించే సరదా ఈమధ్య ఎక్కువైంది. ఆ యాప్ పెళ్ళి చీర రంగును ఊహించుకుంటుంది, ముక్కునూ కళ్ళనూ కొంచెం మారుస్తుంది. మసక ఫోటోయే నయం. పేర్లు ఫోటో వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్ను గీత ముందువైపు తేలుతుంది.

ప్రెస్సు దగ్గర అడగాల్సింది: ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల సైజు, లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్లితో, అంటే మామూలు అచ్చు కాగితం, ఫోటోల పేజీలకు 130 జీఎస్ఎం ఆర్టు పేపరు, అట్టకు 300 జీఎస్ఎం కార్డు, మడత మధ్యలో కొట్టే సెంటర్ పిన్ను. పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, 32 లేదా 36, 34 కుదరదు. రెండు మూడొందల లోపైతే డిజిటల్ ప్రింటు చాలు.

ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టిన మేటరును డీటీపీ వాళ్ళు తాము వాడే ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు జారిపోతాయి, కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి. వర్డు ఫైలులో దిద్దినా లాభం లేదు, చివరి పీడీఎఫ్‌నే కాగితం మీద తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు చూడాలి. పేర్లను మాత్రం విడిగా ఇంకోసారి. వంశవృక్షాన్ని ప్రతి శాఖ నుంచి ఒకరికి పంపి సరేననిపించుకోండి: వదిలిపెట్టేది సాధారణంగా చిన్నప్పుడే పోయిన బిడ్డను, విడిపోయిన కోడలిని, మారుమనువు పిల్లలను. అచ్చయ్యాక బయటపడితే అది పుస్తకం తగవు కాదు, ఆస్తి తగవంత అవుతుంది. ఆసుపత్రి సంగతులు, పొలం పంపకాలు, ఫోన్ నంబర్లు వేయకండి.

చివర్లో గీతలు కొట్టిన రెండు ఖాళీ పేజీలు వదలండి, ఆ రోజు భోజనాల తరవాత వచ్చినవాళ్ళు తమకు గుర్తున్నది అందులో రాసి వెళ్తారు. ఆ రెండూ మ్యాప్లితోలోనే ఉండాలి, నున్నటి ఆర్టు పేపరు మీద పెన్ను జారిపోతుంది.