బోస్టన్‌కి రీసెర్చ్ కోసం కొత్తగా వస్తున్న మనవాళ్లకి

బోస్టన్, కేంబ్రిడ్జ్ ల్యాబుల్లో పోస్ట్‌డాక్‌కో పీహెచ్‌డీకో వచ్చేవాళ్లు ఏటా వేసవిలో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఇల్లు ఎక్కడ చూసుకోవాలి, ఏ బ్యాంకు మంచిది, కందిపప్పు ఎక్కడ దొరుకుతుంది. ఇవి ఏ వాట్సాప్ గ్రూపులో అడిగినా పది నిమిషాల్లో జవాబొస్తుంది కాబట్టి ఇంటి గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఇక్కడ అద్దె ఒప్పందాలు ఎక్కువగా సెప్టెంబరు 1న మొదలవుతాయి, రెండు మూడు నెలల ముందే వెతకండి, మీరో మీకు తెలిసినవాళ్లో ఇల్లు కళ్లారా చూడకుండా ఎవరికీ డబ్బు పంపకండి.

నేను చెప్పాలనుకున్నది ఎవరూ అడగని సంగతి. ఈ ఊళ్లో రీసెర్చ్ ల్యాబు లోపలే ఉండిపోదు. హాస్పిటల్లో, లైసెన్సు ఆఫీసులో, చివరికి గుడికి వెళ్లే దారిలో కూడా ఎదురవుతుంది, ఎదురైన ప్రతిచోటా మిమ్మల్ని ఏదో ఒకటి అడుగుతుంది. ఒప్పుకుంటారా, చేరతారా, మీరేమంటారు అని. పెద్ద డాక్టరుగారు చెప్పారంటే తలూపడం, ప్రొఫెసరుగారు అన్నారంటే రాసుకోవడం మనకి అలవాటు. ఆ అలవాటుతో ఇక్కడా రోజులు గడిచిపోతాయి, కానీ నష్టపోయేది మీరే.

ముందు మీ ఒంటి సంగతి. హాస్పిటల్‌కి అనుబంధంగా ఉన్న ల్యాబయితే చేరిన కొత్తలోనే ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లు పిలిచి టీకాల కాగితాలు అడుగుతారు. తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ, హెపటైటిస్ బి, వీటికి చిన్నప్పటి కార్డు దొరక్కపోతే రక్తంలో యాంటీబాడీలు చూసి సరిపెడతారు, కంగారు అక్కర్లేదు. టీబీ పరీక్ష దగ్గరే మనవాళ్లు ఇబ్బంది పడతారు. మనలో చాలామందికి పుట్టగానే బీసీజీ వేసి ఉంటారు కదా, ముంజేతి చర్మంలోకి సూది వేసి రెండు మూడు రోజులయ్యాక వాపు కొలిచే పరీక్షలో ఆ బీసీజీ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. అందుకని "నాకు బీసీజీ వేశారు, రక్తపరీక్ష చేయండి" అని ముందే చెప్పండి. దాన్ని ఇగ్రా అంటారు, క్వాంటిఫెరాన్ అనే పేరు కాగితం మీద కనిపిస్తుంది, బీసీజీ దాన్ని తికమక పెట్టదు. అది పాజిటివ్ వస్తే మాత్రం "ఇండియాలో అందరికీ ఉంటుందిలే" అని కొట్టిపారేయకండి. ఎక్స్‌రే తీయించుకోండి, నిద్రాణంగా ఉన్న టీబీకి మందులు వాడమంటే పూర్తిగా వాడండి.

ల్యాబులో సార్, మేడమ్ ఉండవు, నోబెల్ వచ్చినాయన్నైనా పేరు పెట్టే పిలుస్తారు. మొదట్లో నోరు రాదు, నెలలో అలవాటైపోతుంది. ల్యాబ్ మీటింగులో ప్రశ్న అడగకుండా కూర్చుంటే వినయం అనుకోరు, చదవలేదనుకుంటారు. మీ బాస్ "ఆ కంట్రోల్ ఇంకోసారి చేస్తే బాగుంటుందేమో" అని మెల్లగా అన్నారంటే చేసి తీరాలన్నమాట. పేపర్‌లో ఎవరి పేరు ఎక్కడ ఉంటుందన్నది ప్రయోగాలు మొదలుపెట్టే రోజే మాట్లాడుకోండి, రెండేళ్ల తర్వాత మాట్లాడితే అప్పటికే మనసులు విరిగి ఉంటాయి. ల్యాబ్ నోట్‌బుక్ మీది కాదు, సంస్థది. వెళ్లేటప్పుడు పట్టుకుపోకూడదు. ఇంకొకరి పేపర్ ఇంట్రడక్షన్ నుంచి రెండు వాక్యాలు తీసుకోవడం మన దగ్గర చాలాచోట్ల చూసీ చూడనట్టు వదిలేస్తారు, ఇక్కడ దానివల్ల ఉద్యోగం పోవచ్చు.

ఇప్పుడు కేంబ్రిడ్జ్ గురించి ఒక కథ చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతా పద్ధతులన్నీ అర్థమవుతాయి. 1976లో హార్వర్డ్‌లో ఒక జీవి డీఎన్ఏని ఇంకో జీవిలో కలిపే ప్రయోగాలకి కొత్త ల్యాబు కట్టబోతుంటే, మేయర్ ఆల్ఫ్రెడ్ వెలూచ్చి ఆ శాస్త్రవేత్తలని సిటీ కౌన్సిల్‌కి పిలిపించి, జనం ముందు, మామూలు భాషలో చెప్పండి, దీనివల్ల మా ఊరికి ప్రమాదం ఉందా లేదా అని నిలదీశారు. ఆ రకం ప్రయోగాల్లో ప్రమాదం ఎక్కువనుకున్నవాటిని కొన్ని నెలలు ఆపించారు. తర్వాత ఊరివాళ్లతోనే ఒక కమిటీ వేశారు. అందులో నర్సుగా పనిచేసే ఒక నన్ ఉన్నారు, ఆయిల్ వ్యాపారం చేసుకునే మాజీ మేయర్ ఉన్నారు. వాళ్లు నెలల తరబడి కూర్చుని, శాస్త్రవేత్తల వాదనలు రెండు వైపులా విని, అర్థం చేసుకుని, ఫలానా జాగ్రత్తలతో చేసుకోవచ్చని తేల్చారు. 1977లో అది ఊరి చట్టమైంది. ప్రొఫెసర్లు చాలామంది అప్పుడు ఊరివాళ్లకేం తెలుసని భయపడ్డారు. జరిగింది వేరు. నియమాలు స్పష్టంగా ఉన్న ఊరు కాబట్టే తర్వాత బయోటెక్ కంపెనీలు ధైర్యంగా ఇక్కడికే వచ్చాయని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఈ రోజుకీ కేంబ్రిడ్జ్‌లో ఆ పని చేసే ల్యాబుకి ఊరి బయోసేఫ్టీ కమిటీ పర్మిట్ ఉండాలి. బయోసేఫ్టీ ఫారం నింపమంటే విసుక్కోకండి, దాని వెనక ఇంత ఉంది.

మనుషుల మీద చేసే రీసెర్చ్‌కీ ఇదే పద్ధతి. రోగి రక్తమే కాదు, రోగి ఫైల్లో ఒక లైను రీసెర్చ్‌కి వాడాలన్నా ముందు ఐఆర్‌బీని, అంటే మనుషుల మీద చేసే రీసెర్చ్‌ని పరిశీలించే సంస్థ కమిటీని అడగాలి, వాళ్ల అనుమతి కావాలో అక్కర్లేదో తేల్చేది కూడా వాళ్లే, మీరు కాదు. ఆ కమిటీలో కనీసం ఐదుగురుండాలి, ఒకరైనా సైన్సుతో సంబంధం లేనివాళ్లు, ఒకరైనా ఆ సంస్థతో సంబంధం లేనివాళ్లు అయ్యుండాలని ఫెడరల్ నియమం. ఈ కట్టుబాట్లు ఊరికే రాలేదు. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్యశాఖవాళ్లే సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేద రైతులకి పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, వాళ్ల జబ్బేమిటో వాళ్లకి చెప్పకుండా, అది ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అది పత్రికల్లోకి ఎక్కాకే 1974లో చట్టం వచ్చింది. మీ స్టడీలో చేరమంటే ఒక నల్లజాతి పెద్దాయన వద్దన్నారనుకోండి, చదువు లేక అన్నారని అనుకోకండి.

ఇక రోగిగా మీరు వెళ్తే. ఇక్కడి పెద్ద హాస్పిటళ్లన్నీ రీసెర్చ్ హాస్పిటళ్లే, మీరు వెయిటింగ్ రూములో ఉండగానే ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని నవ్వుతూ వచ్చి, మీ పరీక్షలకి తీసిన రక్తంలో మిగిలినది రీసెర్చ్ కోసం బయోబ్యాంకులో దాచుకోవచ్చా అని అడుగుతుంది. మనవాళ్లు రెండే పనులు చేస్తారు, చదవకుండా సంతకం పెట్టడం, లేదా భయపడి తల అడ్డంగా ఊపడం. రెండూ వద్దు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానని చెప్పండి, అది మీ హక్కు. వద్దంటే మీ వైద్యంలో ఏ తేడా రాదు, చేరాక ఎప్పుడైనా మానుకోవచ్చు. మందు పరీక్షించే ట్రయల్ అయితే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: దీనివల్ల నాకేదైనా అయితే ఖర్చు ఎవరిది? ఇండియాలో 2019 నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. అమెరికాలో ఫెడరల్ చట్టం పరిహారం ఇచ్చి తీరాలని చెప్పదు, ఇస్తారో ఇవ్వరో ఫారంలో రాయమని మాత్రమే అంటుంది. జీన్ పరీక్ష ఉంటే ఇంకొకటి. 2008 నాటి జీనా చట్టం వల్ల హెల్త్ ఇన్సూరెన్సువాళ్లు, ఉద్యోగమిచ్చేవాళ్లు ఆ ఫలితాలతో మీ మీద వివక్ష చూపకూడదు కానీ లైఫ్ ఇన్సూరెన్సుకి ఆ చట్టం వర్తించదు. డబ్బిచ్చే స్టడీ అయితే వీసా మీద ఉన్నవాళ్లు చేరేముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి.

సంతకం గురించి ఇంతగా చెప్పడానికి కారణం మన నేల మీదే ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి ఒక ప్రాజెక్టు కింద గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఇచ్చినప్పుడు, చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని తర్వాత విచారణల్లో బయటపడింది. ఆ టీకా మంచిదే, మీ పిల్లలకి ఇక్కడ వేయిస్తామంటే వేయించండి. కానీ ఆ తల్లిదండ్రులని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. ఇక్కడ మిమ్మల్ని అడుగుతున్నారు, ఆ అడగడానికి విలువివ్వండి.

చేరడం వల్ల మనకి ఏమొస్తుందంటారా? ఆష్‌ల్యాండ్ లక్ష్మీదేవి గుడికి మీరు ఎలాగూ వెళ్తారు. దాన్ని ఆనుకునే ఫ్రామింగ్‌హామ్ ఉంది. 1948 నుంచి మొదలుపెట్టి ఆ ఊరివాళ్లు 5,209 మంది ఏళ్ల తరబడి తమ గుండెని డాక్టర్లకి చూపించుకోవడానికి ఒప్పుకున్నారు, తర్వాత వాళ్ల పిల్లలు, మనవలూ చేరారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెకి చేటు అని ఈరోజు ప్రపంచమంతా అనుకునేదాంట్లో చాలా భాగం ఆ ఊరి నుంచే వచ్చింది. అయితే వాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లు. మనవాళ్లకి గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తుంది, సన్నగా ఉన్నా షుగరొస్తుంది, ఆ లెక్కలు మనకి సరిగ్గా అతకవు. అందుకే 2010లో దక్షిణాసియావాళ్ల మీదే మసాలా అనే స్టడీ మొదలైంది, అక్కడ శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో చుట్టుపక్కల మనలాంటివాళ్లు చేరారు. 2018లో వచ్చిన అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ముప్పు పెంచే అంశంగా రాశారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మా నాన్నకి నలభై ఎనిమిదిలో స్టెంట్ వేశారు" లాంటి సంగతి మీ అంతట మీరే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

హాస్పిటళ్లన్నీ ఉన్న లాంగ్‌వుడ్‌లో గ్రీన్ లైన్ రైలు దిగి నడుస్తుంటే శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోండి. భీమవరంలో పుట్టి 1922లో ఈ ఊరొచ్చారు, హార్వర్డ్‌లో చదువుతూ బతుకుతెరువు కోసం పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్లో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. అప్పటి చట్టాల ప్రకారం మనవాళ్లకి 1946 దాకా పౌరసత్వానికి అర్హతే లేదు. ఆయన తర్వాత న్యూయార్క్‌లో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపారు, అక్కడ తయారైన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్ పిల్లల హాస్పిటల్లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చి తొలిసారి జబ్బుని కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగారు. ఆ 1948లోనే ఒక రేడియో కార్యక్రమం విని జనం పంపిన డాలర్లతో క్యాన్సర్ పరిశోధనకి జిమ్మీ ఫండ్ అనే నిధి పుట్టింది. మీ కొలీగ్ ఫలానా క్యాన్సర్ వాక్‌లో నడుస్తున్నాను, స్పాన్సర్ చేయండి అని మెయిల్ పెడితే అది ఆ వరసలోదే. పది డాలర్లిచ్చినా సంతోషిస్తారు, ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

డ్రైవింగ్ లైసెన్సుకి ఆర్ఎంవీ అనే ఆఫీసుకి వెళ్తే కౌంటర్లో ఆమె టైపు చేసుకుంటూ తల ఎత్తకుండా వరసగా అడిగేస్తుంది, ఎత్తెంత, కళ్ల రంగేంటి, అవయవదాతగా నమోదు చేయనా అని. ఓటరు నమోదు కూడా అక్కడే జరుగుతుంది. అవయవదానానికి పౌరసత్వం అక్కర్లేదు, ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకుని వెళ్లండి. ఓటు మాత్రం పౌరులకే. ఆ వేగంలో ఓటు సంగతి దగ్గర అలవాటుగా ఎస్ అనేస్తే, లేదా ఏ ఫారంలోనైనా పౌరుణ్ణని టిక్ పెడితే, తర్వాత గ్రీన్ కార్డుకే ఎసరు. వీసా మీద ఉన్నవాళ్లు ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ చందా కూడా ఇవ్వకూడదు. ఏటా జనవరి ప్రాంతంలో ఊరి క్లర్కు ఆఫీసు నుంచి ఇంట్లో ఎవరెవరున్నారని ఒక కాగితం వస్తుంది, నింపి పంపండి. ఆ జాబితా నుంచే జ్యూరీకి పిలుస్తారు కాబట్టి మీకూ సమన్లు రావచ్చు. చెత్తబుట్టలో వేయకండి, భయపడకండి, పౌరులం కాదు అన్న గడి నింపి జవాబివ్వండి, అంతే.

మీ జీతం ఎక్కడినుంచి వస్తుందో కూడా తెలుసుకోండి. 2025లో ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంట్లు వేలల్లో రద్దయ్యాయి, కేసులు కోర్టులకెక్కాయి, బోస్టన్ ల్యాబులకి గట్టి దెబ్బే తగిలింది. ఆఫర్ ఒప్పుకునే ముందే ఎన్ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైటులో మీ బాస్ పేరు కొట్టి చూడండి, ఏ గ్రాంటు, ఎంత డబ్బు, ఎప్పటికి అయిపోతుంది, అన్నీ ఉంటాయి. ప్రజల డబ్బు కాబట్టి ఎవరైనా చూడొచ్చు. చూశాక నా జీతం ఏ గ్రాంటులోంచి అని నేరుగా అడగండి, తప్పుగా అనుకోరు. వర్క్ పర్మిట్ లాంటి కాగితాలు నెలలు దాటి ఇరుక్కుపోతే మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాయండి, ఓటు లేకపోయినా ఆ ఊళ్లో ఉంటున్నారు కాబట్టి మీ తరఫున వాకబు చేస్తారు.

అమ్మానాన్నలు చూడటానికొచ్చి హాస్పిటల్ అవసరం పడితే, మీరు ఇంగ్లీషు బాగా మాట్లాడతారు కదా అని మీరే దుబాసీ అయిపోకండి. అమ్మ తన ఒంటి బాధ కొడుకు ముందు చెప్పదు, చెప్పినా మీరు డాక్టరుకి సగమే చెబుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి. ఫోన్లోనో వీడియోలోనో ఏర్పాటు చేస్తారు, మీకు ఖర్చుండదు, చట్టప్రకారం అది హాస్పిటల్ బాధ్యత. కన్సెంట్ ఫారం కూడా ఆ ఇంటర్‌ప్రెటర్ చేత అమ్మకే చెప్పించండి, సంతకం పెట్టాలో వద్దో ఆమెనే తేల్చుకోనివ్వండి.