పెరట్లో చెట్టు కొట్టించే ముందు ఏం చూసుకోవాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కూకటివేళ్లతో కూలిపోయాయి. అది చూసినవారికి ఇంటి మీదికి వంగిన చెట్టు కనబడితే కొట్టించేయాలని అనిపించడం సహజమే. అయితే మాను మొత్తం తీయాలా, నాలుగు కొమ్మలు తీస్తే చాలునా అన్నది కూలీలను పిలవకముందే తేల్చుకోవాలి. ఆ నిర్ణయాన్ని కలప కొనే మనిషికి వదిలిపెట్టకూడదు, ఎందుకంటే చెట్టు పడితేనే అతనికి లాభం.

మొదట చెట్టు చుట్టూ తిరిగి మొదలును పరిశీలించండి. మొదట్లో పుట్టగొడుగులు మొలిచినా, మానును తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినా, చెట్టు కొత్తగా ఒకవైపు ఒరిగి రెండో వైపు నేల పగుళ్లిచ్చినా అది ప్రమాదకరమైన చెట్టే. ఏళ్ల తరబడి వంగే పెరిగి, వేళ్లు గట్టిగా ఉన్న చెట్టుకు అంత భయపడనక్కరలేదు. కొబ్బరి మొదట్లో ఎర్రటి బంక కారుతూ మట్టలు వేలాడిపోతూ ఉంటే గానోడెర్మా తెగులుగా అనుమానించాలి. తెగులు ముదిరిన చెట్టును మొద్దుతో, వేళ్లతో సహా పెకలించి కాల్చివేయాలి, లేకుంటే అది నేలలోంచి పక్క చెట్లకు పాకుతుంది.

చెట్టును పూర్తిగా తీయాలని తేలితే అనుమతి సంగతి చూడండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే అందరూ వాల్టా అని పిలిచేది, సొంత స్థలంలోని చెట్లకు కూడా వర్తిస్తుంది. అటవీ రేంజి కార్యాలయంలోనో, పట్టణమైతే పురపాలక కార్యాలయంలోనో ముందుగా అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

కొమ్మలతో సరిపోతుందంటే ఎలా కోయాలో మీరే చెప్పాలి. 2013లో ఫైలిన్ తుపాను భయానికి మా వీధిలో ఒక వేపచెట్టు తలను అడ్డంగా నరికించారు. నరికిన చోట గుబురుగా లేచిన కొత్త కొమ్మలకు మానులో పట్టు ఉండదు గనుక, అయిదేళ్ల తరువాత తిత్లీ గాలికి అవే ముందుగా విరిగి పెంకుల మీద పడ్డాయి. బరువైన కొమ్మకు మూడు కోతలు పెట్టాలి. మానుకు అడుగు దూరంలో కొమ్మ కిందివైపు మూడోవంతు లోతు కోసి, దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే, కొమ్మ మాను బెరడును చీల్చకుండా విడివడుతుంది. చివరగా మిగిలిన మోడును, కొమ్మ మానును కలిసే చోట ఉండే ఉబ్బును వదిలి, దానికి ఆనుకుని తీసేయాలి. ఆ ఉబ్బులోంచే గాయం పూడుతుంది. ఒకేసారి పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయనీయకండి. కొబ్బరికి ఎండిన మట్టలు మాత్రమే దింపించండి. మొవ్వు, అంటే తలలోని లేత చిగురు, తెగితే చెట్టు చచ్చినట్టే.

మామిడికి కాయ కోత అయిన వెంటనే, అంటే జూన్, జూలైలలో ఈ పని చేయిస్తే అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే ముగుస్తుంది. ఎండిపోయిన కొమ్మలకు కాలంతో పని లేదు.

కరెంటు తీగకు దగ్గరలో ఉన్న కొమ్మను ఎవరు చెప్పినా తాకనీయకండి. విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపిన తరువాతే పని మొదలుపెట్టించాలి. పచ్చి కొమ్మ, తడి మోకు, ఇనుప నిచ్చెన మూడింటిలోనూ కరెంటు పారుతుంది.

పనివారితో బేరం కుదిరేటప్పుడు కూలి, కలప వేరువేరుగా మాట్లాడుకోండి. ‘కలప మాకిస్తే కూలి వద్దు’ అని వారు చెప్పే ఒప్పందం మనకు చౌకగా కనిపిస్తుంది కానీ, అప్పుడు రంపం అవసరమున్న చోట కాక లావు కొమ్మ ఉన్న చోటికి పోతుంది. రొట్ట ఎవరు ఎత్తాలి, మొద్దు తవ్వుతారా, ప్రహరీ పగిలితే ఎవరు కట్టించాలి అన్నవి కూడా అప్పుడే తేల్చండి. పెద్ద కొమ్మలను మోకు కట్టి దింపాలి తప్ప వదిలేయకూడదని చెప్పి, పని అయ్యేదాకా పిల్లలను, పశువులను చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉంచండి.