కారు తలుపు ప్యాడ్ విప్పి స్పీకర్లు మార్చుకునే పద్ధతి

కారు తలుపులోకి వాన నీరు రాదని చాలామంది అనుకుంటారు. నిజానికి వాన పడినప్పుడల్లా కిటికీ అద్దం మీదుగా జారిన నీరు రబ్బరు బీడింగును దాటి తలుపు పొట్టలోకి దిగుతూనే ఉంటుంది. అలా దిగిన నీరు తలుపు అడుగు అంచున ఉన్న సన్నని రంధ్రాల గుండా బయటకు పోయేలా కారు తయారు చేసినప్పుడే ఏర్పాటు ఉంటుంది. తడిసే ఆ పొట్టకూ, మనం మోచెయ్యి ఆనించుకునే డోర్ ప్యాడ్‌కూ మధ్య ఒక పలుచని ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అతికి ఉంటుంది. స్పీకర్ల గురించి ఎంత తెలిసినా ఈ షీటు గురించి తెలియకుండా తలుపు విప్పితే, కోనసీమలో గానీ భీమవరం, నరసాపురం వైపు గానీ ఆ పనితనం ఒక్క వానాకాలంలోనే బయటపడుతుంది.

నాకది బయటపడిన తీరు చెబుతాను. మొదటి కారుకు కొత్త స్పీకర్లు వేయించడానికి పట్నంలో ఒక దుకాణానికి ఇచ్చాను. గంటలో పని ముగించారు, పాటలూ బాగానే వినిపించాయి. శ్రావణంలో వరసగా నాలుగు రోజులు ముసురు పట్టేసరికి ముందు సీటు కింద కార్పెట్టు తడిసి ముక్కిన వాసన మొదలైంది. ప్యాడ్ విప్పి చూస్తే స్పీకరుకు అడ్డు వచ్చిందని షీటును బ్లేడుతో కోసి, మిగిలిన ముక్కను లోపలికి మడిచి వదిలేశారు. స్పీకరులో శబ్దం పలికించే కాగితపు కోను అప్పటికే అప్పడంలా ఉబ్బిపోయింది. అప్పటినుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను.

మొదటిసారి చేసేవారు ఒక్కో తలుపుకు రెండు గంటలు పడుతుందని అనుకుని మొదలుపెట్టాలి. మా వైపు ఈ పనికి సంక్రాంతి తరువాతి రోజులు అనువైనవి. వానాకాలంలో తలుపు లోపలి భాగం పూర్తిగా ఆరదు, మే నెల మధ్యాహ్నం ఎండలో ఆ నల్ల జిగురు తీగపాకంలా సాగి చేతులకూ సీట్లకూ అంటుకుంటుంది. ఉదయం పూట, నీడన, తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటు ఉన్న దగ్గర కారు నిలపాలి. ఆ నీడ కొబ్బరిచెట్టుది కాకుండా చూసుకోవాలని గోదావరి వాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

స్పీకర్లు కొనే ముందే ఒక తలుపు విప్పి కొలతలు తీసుకుని మళ్లీ బిగించడం అదనపు శ్రమలా అనిపించినా, మొదటిసారి చేసేవారికి అదే మంచి దారి. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల స్పీకర్లు పడతాయి, అయితే వ్యాసం ఒక్కటే సరిపోదు. అద్దాన్ని పూర్తిగా కిందికి దింపి, స్పీకరు కూర్చునే అంచు నుంచి అద్దం వరకు ఎంత లోతు ఉందో కొలవాలి. కొత్త స్పీకరు వెనుక అయస్కాంతం లోతు దానికంటే కనీసం ఐదారు మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. లేకపోతే అద్దం దింపిన మొదటిరోజే అయస్కాంతానికి తగులుతుంది.

ఎంపికలో నేను చూసేవి కొన్నే. కారుతో వచ్చిన స్టీరియో మీద యాభై వాట్లు అని రాసి ఉన్నా, అది నిలకడగా ఒక్కో స్పీకరుకు ఇవ్వగలిగేది ఇరవై వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. అందువల్ల విడిగా యాంప్లిఫయర్ పెట్టే ఆలోచన లేనివారు పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన వాట్లను పట్టించుకోకుండా సెన్సిటివిటీ అనే అంకెను, అంటే ఇచ్చిన శక్తికి స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేదాన్ని, చూడాలి. అది 90 డెసిబెళ్లకు పైన ఉంటే మంచిది. మూడు డెసిబెళ్ల తేడా అంటే స్టీరియో శక్తిని రెట్టింపు చేసినంత. ఇంపీడెన్సు, అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు, పాత స్పీకరుకు ఎంత ఉందో కొత్తదానికీ అంతే, సాధారణంగా 4 ఓములు, ఉండాలి. 4 ఓములకు తయారైన స్టీరియోకు 2 ఓముల స్పీకరు కలిపితే స్టీరియో వేడెక్కుతుంది. ఇక మన గాలిలో తేమ ఎక్కువ, రొయ్యల చెరువుల పక్కనా సముద్రం దగ్గరా ఉప్పు కూడా ఉంటుంది కనుక, కాగితపు కోను, స్పాంజి అంచు ఉన్నవాటికంటే పాలీప్రొపిలీన్ కోను, రబ్బరు అంచు ఉన్నవాటిని తీసుకోవాలి. స్పీకరుకూ తలుపుకూ మధ్య వేసే రింగు కూడా అంతే. చెక్కపొడితో చేసిన ఎమ్‌డీఎఫ్ రింగు తేమకు ఉబ్బి స్క్రూల పట్టు వదిలేస్తుంది, ప్లాస్టిక్ రింగు అడిగి తీసుకోవాలి.

పనిముట్లు పెద్దగా అవసరం లేదు. స్టార్ స్క్రూడ్రైవర్లు రెండు సైజులు, పదో నంబరు స్పానరు, ప్యాడ్‌ను లేపడానికి ప్లాస్టిక్ పట్టీల సెట్టు, మల్టీమీటరు, వైర్లకు క్రింపింగ్ ప్లయరు, ఒక టార్చి, పాత నూలు గుడ్డ ఉంటే సరిపోతుంది. ఇనుప స్క్రూడ్రైవరుతో ప్యాడ్ అంచును లేపితే పెయింటు మీదా ప్లాస్టిక్ మీదా శాశ్వతంగా గంటు పడుతుంది. ఆ కారు మోడలుకు సరిపోయే ప్యాడ్ క్లిప్పులు పది ముందే కొని ఉంచుకోవాలి, ఎందుకంటే పాతబడ్డ క్లిప్పుల్లో రెండు మూడు విరగడం ఖాయం.

అద్దాన్ని పూర్తిగా పైకి ఎత్తి, తాళంచెవి తీసి, బానెట్ కింద బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, పది నిమిషాలు ఆగాలి. పక్క ఎయిర్‌బ్యాగులున్న కొన్ని కార్లలో గుద్దుడును పసిగట్టే సెన్సరు తలుపు లోపలే ఉంటుంది; దాని కప్లరు (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి, దాన్ని తీయించడానికి సర్వీసు సెంటరుకు వెళ్లవలసి వస్తుంది. బ్యాటరీ విప్పాక స్టీరియో కోడ్ అడిగే కార్లూ ఉన్నాయి కనుక ఆ కోడ్ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇప్పుడు స్క్రూల వేట. ప్యాడ్‌ను పట్టి ఉంచేవి కంటికి కనిపించవు. తలుపు తెరిచే లోపలి హ్యాండిల్ గుంటలో చిన్న మూత కింద ఒకటి, తలుపు లాగడానికి చెయ్యి పెట్టే గుంట అడుగున ఒకటి రెండు, అద్దం దగ్గరి ముక్కోణపు ప్లాస్టిక్ ముక్క వెనుక ఒక్కోసారి ఒకటి, ప్యాడ్ కింది అంచున ఇంకొకటి ఉంటాయి. అన్నీ తీశామనుకున్న తరువాత కూడా ఒకచోట ప్యాడ్ గట్టిగా పట్టి ఉంటే అక్కడ ఇంకో స్క్రూ దాగి ఉందని అర్థం. బలం చూపించే చోటు అది కాదు. తీసిన స్క్రూలను ఒక అట్ట మీద తలుపు బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడ గుచ్చి ఉంచితే బిగించేటప్పుడు తడుముకోనక్కరలేదు, ఎందుకంటే పొడుగు స్క్రూ పొట్టిదాని చోట పెడితే లోపలి యంత్రానికి తగలవచ్చు.

చేత్తో అద్దం తిప్పే హ్యాండిల్ ఉన్న కార్లలో అదొక చిక్కు. ఆ హ్యాండిల్ వెనుక లాడం ఆకారంలో ఒక సన్నని స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. పాత పంచె ముక్కను పీలికగా చించి, హ్యాండిల్‌కూ దాని వెనుక బిళ్లకూ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగుతుంటే గుడ్డ క్లిప్పు కొసలను పట్టి బయటకు నెడుతుంది. అది ఎగిరి ఎక్కడ పడుతుందో కనిపెట్టి ఉండాలి.

స్క్రూలు పూర్తయ్యాక ప్లాస్టిక్ పట్టీని ప్యాడ్ కింది మూలలో దూర్చి, క్లిప్పు ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా పెట్టి లేపాలి. క్లిప్పుకు దూరంగా లాగితే ప్యాడ్ వెనుక అట్ట చిరుగుతుంది. కింద మొదలుపెట్టి రెండు పక్కలా పైకి వస్తుంటే ఒక్కొక్క క్లిప్పు టప్‌మని ఊడుతుంది. చాలా కార్లలో పై అంచు అద్దం గాడిలో తగిలించి ఉంటుంది, కాబట్టి చివర్లో ప్యాడ్‌ను మొత్తంగా పైకి ఎత్తితేనే విడివడుతుంది. విడివడగానే లాగకూడదు, అద్దం స్విచ్చుల కప్లర్లు, హ్యాండిల్‌కు తగిలిన తాళం కేబులు ఇంకా దానికి అంటే ఉంటాయి. మోకాలితో ప్యాడ్‌ను ఆనించి పట్టుకుని, ఒక్కో కప్లరు నాలుకను నొక్కి, వైరు పట్టుకోకుండా కప్లరునే పట్టి తీయాలి. అన్నిటికంటే ముందు ఫోనుతో ఫోటో తీసుకోవాలి.

షీటును తీయడంలోనే అసలు ఓర్పు కావాలి. స్పీకరు దగ్గర షీటుకు ముందే రంధ్రం ఉంటే దాన్ని ముట్టుకోనే అక్కరలేదు. లేకపోతే ఒక మూల నుంచి జిగురును బ్లేడుతో నెమ్మదిగా తెగ్గోస్తూ, కావలసినంత మేరకే లేపి, పైకి మడిచి టేపుతో తలుపుకే అతికించి ఉంచాలి. జిగురు ఇనుము మీదే సగం, షీటు మీద సగం ఉండిపోయేలా కోస్తే తిరిగి నొక్కినప్పుడు అదే అతుక్కుంటుంది. దానికి దుమ్ము అంటనీయకూడదు.

పాత స్పీకరు స్క్రూలతో ఉంటే పని సులువు. రివెట్లతో ఉంటే వాటి తలలను డ్రిల్లుతో తొలిచి తీయాలి. అప్పుడు రాలే ఇనుప రజను తలుపు అడుగున పడి, మన తేమకు కొద్ది వారాల్లో తుప్పు పడుతుంది. కింద తడిగుడ్డ పరిచి తొలవడం, తరువాత వ్యాక్యూమ్‌తో ఊడ్చడం, రంధ్రాల అంచులకు జింక్ ప్రైమరు పూయడం తప్పనిసరి. డ్రిల్లు కొన అద్దానికి గానీ వైర్లకు గానీ తగలకుండా ఒక చెక్కముక్క అడ్డు పెట్టుకోవాలి.

ఆ పొట్టలో చెయ్యి పెట్టిన అవకాశం వదులుకోకుండా అడుగు రంధ్రాలను ఒకసారి చూడాలి. రోడ్ల మీద ధాన్యం ఆరబోసే రోజుల్లో లేచే ఊకా, కాలువ గట్ల దుమ్మూ నీటితో కలిసి ముద్దగా మారి ఆ రంధ్రాలను మూసేస్తాయి. మెత్తని పుల్లతో తీసేస్తే చాలు. చప్పుడు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు అతికించదలిస్తే బ్యూటైల్ రబ్బరువే తీసుకోవాలి, తారుతో చేసినవి ఎండకు కరిగి జారుతాయి. వాటిని ఈ రంధ్రాల దాకా మాత్రం దింపకూడదు.

కొత్త స్పీకరుకు తీగలు కలిపేటప్పుడు కారు కప్లరును కోయకుండా, ఆ మోడలుకు దొరికే అడాప్టరు వైరు వాడటం మేలు. అది దొరకకపోతే స్వచ్ఛమైన రాగి తీగను క్రింప్ చేసి, అంటే ప్లయరుతో నొక్కి బిగించి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉప్పుగాలికి త్వరగా పాడవుతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే రెండు తలుపుల స్పీకర్లు ఒకదానికొకటి ఎదురు పనిచేసి బేస్ మాయమైపోతుంది. పాత స్పీకరును కారు తీగల నుంచి విడదీసి, దాని రెండు టెర్మినళ్లకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును క్షణం తాకించి చూస్తే, ప్లస్‌కు ప్లస్ కలిసినప్పుడు కోను బయటికి కదులుతుంది. దాన్నిబట్టి ఆ టెర్మినళ్లకు వచ్చే తీగల్లో ఏది ఏదో గుర్తు పెట్టుకోవాలి.

రింగుకూ తలుపు ఇనుముకూ మధ్య, రింగుకూ స్పీకరుకూ మధ్య ఫోమ్ పట్టీ వేసి, స్క్రూలను ఒకదానికి ఎదురుగా ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. గాలి సందు లేకపోతేనే బేస్ నిలుస్తుంది. స్పీకరు పైభాగాన, తలుపు పొట్ట వైపు, చూరులా ముందుకు వచ్చే చిన్న ప్లాస్టిక్ రేకు అతికిస్తే అద్దం మీది నుంచి జారే చుక్కలు అయస్కాంతం మీద పడవు. సన్నని స్వరాలు పలికే ట్వీటరు విడిగా ఉన్న సెట్టు అయితే, స్వరాలను రెంటికీ పంచే క్రాస్‌ఓవర్ పెట్టెను తలుపు అడుగున పెట్టకుండా డ్యాష్‌బోర్డు కింద ఉంచాలి.

ఇప్పుడు షీటును కిందికి దించి, పాత జిగురు మీదే బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కాలి. జిగురు చాలని చోట బ్యూటైల్ టేపు వాడాలి. గుడ్డతో చేసిన టేపు, సెల్లో టేపు తేమకు ఊడిపోతాయి. షీటు కింది అంచు, మొదట ఉన్నట్టే, తలుపు గాడి లోపలికి వంగి ఉండాలి. బయటికి ఉంటే నీరు ప్యాడ్ వైపుకే దారి పడుతుంది.

కప్లర్లన్నీ కలిపాకే బ్యాటరీ కలిపి, అద్దం మొత్తం దింపి ఎత్తి, అయస్కాంతానికి ఎక్కడా తగలడం లేదని చూసి, పాట పెట్టి వినాలి. బ్యాటరీ తీసిన కొన్ని కార్లలో ఒక్క నొక్కుకే లేచే అద్దం మళ్లీ నేర్పితేనే లేస్తుంది. సాధారణంగా స్విచ్చును పైకి నొక్కి కొన్ని క్షణాలు పట్టి ఉంచాలి. తరువాత తలుపు తెరిచే ఉంచి, లాచ్‌ను స్క్రూడ్రైవరుతో మూసి, లోపలి హ్యాండిల్‌తోనూ బయటిదానితోనూ తెరుచుకుంటుందో లేదో చూడాలి. కేబులు తగిలించడం మరచిపోయి తలుపు మూస్తే, ప్యాడ్ మళ్లీ విప్పడానికి లోపలి నుంచే కష్టపడాలి.

ప్యాడ్ పెట్టే ముందు ఇంకొక్క పని. అద్దం ఎత్తి, బయటి నుంచి అద్దం మీద చెంబుతో నెమ్మదిగా రెండు మూడు చెంబుల నీళ్లు పోయాలి. నీరు అడుగు రంధ్రాల నుంచి నేల మీదికి కారాలి, షీటుకు సీట్ల వైపు భాగం పొడిగా ఉండాలి. ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే అక్కడి జిగురును సరిచేసి మళ్లీ పోయాలి. ఆ తరువాతే ప్యాడ్ పై అంచును గాడిలో తగిలించి, ప్రతి క్లిప్పు రంధ్రానికి ఎదురుగా ఉందని వేలితో తడిమి, అరచేత్తో ఒక్కొక్కటే నొక్కి, అట్ట మీద గుచ్చిన స్క్రూలను వాటి వాటి చోట్ల బిగించి, రెండో తలుపు దగ్గరికి వెళ్లవచ్చు.