సమ్మర్ క్యాంప్ థ్రిల్లర్ రాస్తున్నారా? కథ ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచెయ్యాలి

టీనేజ్ పిల్లల కోసం మిస్టరీ నవల రాసేవాళ్లకు సమ్మర్ క్యాంప్ చాలా మంచి చోటు. అడవి, సరస్సు, ఇంటికి దూరంగా వందమంది పిల్లలు. నేను రాస్తున్న నవల అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని ఒక సరస్సు ఒడ్డున నడుస్తుంది. కథానాయిక న్యూజెర్సీలో పెరిగిన పదహారేళ్ల తెలుగమ్మాయి. మూడు డ్రాఫ్టులు రాసి, చదివినవాళ్ల మాటలు విన్నాక ఒకటి తెలిసొచ్చింది. దాదాపు ప్రతి లోపానికీ మూలం ఒక్కటే: క్యాంపును అందమైన తెరలా వెనక వేలాడదీశాను, దాని దినచర్యను కథలోకి రానివ్వలేదు. కింద చెప్పినవన్నీ నా డ్రాఫ్టుల్లో తగిలినవే.

"ఫోన్ చేస్తే సరిపోయేదిగా?" అని అడుగుతున్నారు

సిగ్నల్ లేదనో, ఛార్జింగ్ అయిపోయిందనో రాస్తే పాఠకుడు ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి ఊరుకోడు. మనకు అవసరం పడ్డప్పుడే ఫోన్ మాయమవుతోందని అతనికి తెలిసిపోతుంది. అమెరికాలో రాత్రుళ్లు బస చేసే క్యాంపులు చాలావాటిలో ఫోన్లు ఉండనివ్వరు. ఇంటికి ఉత్తరాలే రాయాలి. ఈ సంగతి మొదటి అధ్యాయంలోనే చెప్పెయ్యండి, మీ చేతికి ఉత్తరం దొరుకుతుంది. అది చేరడానికి రోజులు పడుతుంది గనక, మాయమైన అమ్మాయి రాసిన ఉత్తరం ఆమె మాయమయ్యాక ఇంటికి చేరుతుంది. నా కథానాయికకు తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. అమ్మమ్మకు తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తుంది. పక్క బంక్ మంచం మీది పిల్ల తొంగి చూసినా ఏమీ అర్థం కాదు. ఆ ఒక్క అలవాటు మీద రెండు అధ్యాయాలు నడిచాయి.

దోషి ఎవరో యాభయ్యో పేజీకే తెలిసిపోతోంది

క్లూను పేరా చివర ఒంటరిగా నిలబెట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. "తలుపు దగ్గర తడి చెప్పులు కనబడ్డాయి" అని రాసి పేరా ఆపేస్తే దండోరా వేసినట్టే. క్లూ రోజూ కనబడే వస్తువులో ఉండాలి, కంటికి అలవాటైపోయి ఉండాలి.

బడ్డీ బోర్డునే తీసుకోండి. ఈత కొట్టే చోట ఒక చెక్క బోర్డు, దానికి వరసగా మేకులు. ప్రతి పిల్లకూ పేరో నంబరో రాసిన బిళ్ల ఒకటి. నీళ్లలోకి దిగేముందు బిళ్లను 'లోపల' వైపు తగిలించాలి, బయటికొచ్చాక 'బయట' వైపుకి మార్చాలి. ఒంటరిగా ఎవరూ దిగకూడదు, జోడీ ఉండాలి. లైఫ్‌గార్డ్ మధ్యమధ్య విజిల్ వేస్తే జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తి ఉండిపోవాలి. తలలు లెక్కపెట్టి బోర్డుతో సరిచూస్తారు. తల ఒకటి తక్కువైతే అందర్నీ బయటికి రప్పించి నీళ్లు గాలిస్తారు. వివరాలు క్యాంపుకీ క్యాంపుకీ కాస్త మారినా పద్ధతి ఇదే.

ఇక కథ. అమ్మాయి కనబడలేదు. ఆమె బిళ్ల 'బయట' వైపు ఉంది. అందుకే సరస్సు వదిలేసి అడవంతా వెతికారు. కానీ బిళ్ల మార్చింది ఆమె కాదు. ఇది పాఠకుడికి ముందే తట్టకూడదంటే బోర్డును అంతకుముందు మూడుసార్లు చూపాలి. మొదటిరోజు నియమాలు చెప్పేటప్పుడు ఒకసారి. బిళ్ల మార్చడం మరిచిపోయిన చిన్నపిల్లకు చివాట్లు పడేటప్పుడు ఒకసారి. స్నేహితురాలు భోజనం గంటకి పరుగెడుతూ ఇద్దరి బిళ్లలూ తనే మార్చేసేటప్పుడు ఒకసారి. ఈ మూడోది నవ్వుల మధ్య జరగాలి. ఒకరి బిళ్ల ఇంకొకరు మార్చొచ్చని పాఠకుడు కళ్లారా చూశాడు, కానీ అప్పుడు అతని ధ్యాస ఆ ఇద్దరి స్నేహం మీద ఉంది. ఈ మూడు సన్నివేశాలు కుదరడానికి నాకు నెల పట్టింది. మిగతావి తొందరగా రాసుకున్నా, దీనికి మాత్రం టైమ్ ఇవ్వండి.

పెద్దవాళ్లంతా మొద్దుల్లా కనిపిస్తున్నారు

పిల్లలు తెలివైనవాళ్లని చూపడానికి పెద్దవాళ్ల తెలివి తగ్గిస్తున్నాం. అలా చెయ్యొద్దు. పెద్దవాళ్లు చెయ్యాల్సిందంతా చేస్తారు: తలలు లెక్కపెడతారు, వెతుకుతారు, పోలీసుల్ని పిలుస్తారు. సరైన కారణాల మీదే తప్పు నిర్ణయానికి వస్తారు. ఆ అమ్మాయి వారం నుంచీ ఇంటి మీద బెంగతో ఏడుస్తోంది, బ్యాగు కూడా కనబడడం లేదు, కాబట్టి పారిపోయిందనుకున్నారు. అందులో తప్పేముంది? ఇంకో సంగతి: క్యాబిన్‌లో, అంటే పిల్లలు పడుకునే చెక్క ఇంట్లో, వాళ్లను చూసుకునే కౌన్సెలర్లు చాలామంది కాలేజీ కుర్రాళ్లే. పందొమ్మిదేళ్ల కౌన్సెలర్‌కి ఆ రాత్రి ఎంత టెన్షన్ ఉంటుందో రాయండి. ఆమె మాట దాచినా పాఠకుడికి జాలే కలుగుతుంది.

క్లూ ఇచ్చాను, అయినా మోసం అంటున్నారు

ఆ క్లూ అర్థం కావడానికి కావలసిన విషయం మీకొక్కరికే తెలుసు, అందుకని. పాయిజన్ ఐవీ అనే మూడాకుల తీగ సంగతి చూడండి. దాని జిడ్డు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి, అదీ వెంటనే కాదు. ఇదివరకు తగిలి ఉన్నవాళ్లకు సాధారణంగా 12 నుంచి 48 గంటల్లో, మొట్టమొదటిసారి తగిలినవాళ్లకు వారం దాటాక కూడా. కొందరికి అసలు రావు. నా మొదటి డ్రాఫ్టులో గంటలోనే తెప్పించాను, చర్మవ్యాధుల వార్డులో పనిచేసే స్నేహితురాలు పట్టుకుంది. ఇప్పుడు మొదటిరోజే క్యాంప్ నర్సు పిల్లలకు ఆ తీగ బొమ్మ చూపించి ఈ లెక్క చెబుతుంది. మంగళవారం పొద్దున ఒకరి మణికట్టు మీద దద్దుర్లు కనబడితే, ఆదివారం సాయంత్రం ఆ పొదల్లో ఎవరున్నారో పాఠకుడే లెక్క కట్టుకోగలడు. దద్దుర్లు రానంత మాత్రాన నిర్దోషి కాదన్నది మీ దగ్గర దాచుకున్న రెండో మలుపు.

రాత్రి సన్నివేశాల్లో భయం పుట్టడం లేదు

'భయంకరమైన', 'గాఢమైన' లాంటి విశేషణాలు తీసేసి, అక్కడి రాత్రి ఎలా ఉంటుందో కనుక్కోండి. మన దగ్గర ఏడున్నరకల్లా చీకటి పడుతుంది. మెయిన్‌లో జూలై మొదట్లో సూర్యుడు అస్తమించేసరికే దాదాపు ఎనిమిదిన్నర, ఆ తర్వాత కూడా కాసేపు వెలుతురుంటుంది. ఎనిమిదింటికి టార్చి వేయిస్తే అక్కడ పెరిగిన పాఠకుడికి కథ మీద నమ్మకం పోతుంది. సరస్సు మీద లూన్ అనే నీటిపక్షి రాత్రుళ్లు కూస్తుంది. మొదటిసారి విన్నవాళ్లకు దూరంగా మనిషి ఏడ్చినట్టే ఉంటుంది. దాన్ని మొదటి రాత్రే వినిపించి, పక్షే అని చెప్పి అందరూ నిద్రపోయేలా చెయ్యండి. తొమ్మిదో రాత్రి అదే అరుపు వినబడితే ఎవరూ లేవరు.

పాత నేరం అతికించినట్టుంది

ఎప్పుడో జరిగిన నేరాన్ని ఇప్పటి కథకు కలపడానికి డైరీ దొరికిందంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఈ క్యాంపుల వయసును వాడుకోండి. 1861లో కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ విలియం గన్ అనే మాస్టారు తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ సముద్ర తీరానికి తీసుకెళ్లి డేరాల్లో ఉంచాడు. అమెరికా క్యాంపుల చరిత్రను అక్కడి నుంచే మొదలుపెడతారు. వందేళ్లు దాటినవి ఇప్పటికీ నడుస్తున్నాయి. పాత క్యాబిన్ల గోడల మీద, దూలాల మీద పిల్లలు పేరూ సంవత్సరమూ రాసి వెళ్తుంటారు. "నేనెప్పుడూ ఇక్కడికి రాలేదు" అన్న మనిషి పేరు పై బంక్‌లో పడుకుంటే కనబడే చోట ఉంటే చాలు.

దోషి దొరికాక చివరి అధ్యాయం చప్పగా ఉంది

దోషి చేత కథంతా చెప్పించడం వల్ల. అతని ఒప్పుకోలు అరపేజీకి కుదించి, క్యాంప్ ముగిసే రోజుకు వెళ్లండి. కార్లు వస్తాయి, ట్రంకులు ఎక్కుతాయి, పిల్లలు బోర్డు మీంచి ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుంటారు. ఆ చిన్నపిల్ల, చివాట్లు తిన్న పిల్ల, మిగిలిపోయిన ఒక్క బిళ్లను అటు తిప్పాలో ఇటు తిప్పాలో తెలియక కథానాయిక వైపు చూస్తుంది.