పల్లీ సాస్‌తో థాయ్ రుచుల టర్కీ బర్గర్: ఎండిపోకుండా ఎలా చేయాలి?

అమెరికాలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా చికెన్ కీమా పక్కనే టర్కీ కోడి కీమా దొరుకుతుంది. అక్కడి తెలుగు ఇళ్ళల్లో అది చాలావరకు ఉల్లిపాయ, గరం మసాలా పడి కీమా కూర అయిపోతుంది. కూరలో పులుసు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే కీమాతో బర్గర్ చేయబోతేనే తంటా. పెనం మీద నుంచి తీసేసరికి రంపపు పొట్టులా పొడిపొడిగా, చప్పగా ఉంటుంది.

కారణం కొవ్వు. బీఫ్ బర్గర్‌కి మామూలుగా వాడే కీమాలో 20 శాతం దాకా కొవ్వు ఉంటుంది. టర్కీ కీమా ప్యాకెట్ మీద 93/7 అని ఉంటే అందులో కొవ్వు 7 శాతమే. 99 శాతం అని రాసి ఉన్న రొమ్ము మాంసం కీమాలో ఒక్క శాతం. పైగా కోడిజాతి మాంసం కాబట్టి లోపల 74 డిగ్రీల సెల్సియస్ (165 ఫారెన్‌హీట్) దాకా ఉడకాల్సిందే. ఆ వేడికి ఉన్న కాస్త నీరూ బయటికి పోతుంది. అందుకే ఇక్కడ కొబ్బరిపాలు సాస్‌లోకి మాత్రమే కాదు, మాంసంలోకి కూడా వెళ్తాయి.

ఇది థాయ్‌లాండ్ వంటకమని ఎవరికీ చెప్పకండి. బర్గర్ అమెరికాది. దీనికి థాయ్ వాసన తెచ్చేవి సాతే పళ్ళెంలోని రెండు తోడు పదార్థాలు. పుల్లలకు గుచ్చి కాల్చే సాతే జావా నుంచి వచ్చి థాయ్‌లాండ్‌లో స్థిరపడింది. అక్కడ దాన్ని పల్లీ సాస్‌తోనూ, ఆజాడ్ అనే తీపి పుల్లని దోసకాయ ముక్కలతోనూ తింటారు. సాస్ ఎంత చిక్కగా ఉంటుందో ఆజాడ్ అంత తేలిగ్గా ఉంటుంది. రెండూ కలిస్తేనే ఈ బర్గర్ మొహం మొత్తదు. కాబట్టి దోసకాయను అలంకారం అనుకుని వదిలేయొద్దు.

కావలసినవి (4 బర్గర్లకు, కప్పు 240 మి.లీ., టేబుల్ స్పూను 15, టీ స్పూను 5)

మాంసానికి: టర్కీ కీమా 1 పౌను (454 గ్రాములు), పాంకో బ్రెడ్ పొడి 20 గ్రాములు (మూడో వంతు కప్పు), చిక్కటి కొబ్బరిపాలు 3 టేబుల్ స్పూన్లు, థాయ్ ఎర్ర కర్రీ పేస్ట్ 1 టేబుల్ స్పూను, ఫిష్ సాస్ 2 టీ స్పూన్లు, ఉల్లికాడలు 2, తరిగిన కొత్తిమీర గుప్పెడు, తురిమిన అల్లం 1 టీ స్పూను, వెల్లుల్లి 2 రెబ్బలు, ఒక పచ్చ నిమ్మకాయ పైతొక్క తురుము.

సాస్‌కి: కొబ్బరిపాలు ముప్పావు కప్పు, ఎర్ర కర్రీ పేస్ట్ 1 టేబుల్ స్పూను, పీనట్ బటర్ 85 గ్రాములు (మూడో వంతు కప్పు), బెల్లం తురుము 1 టేబుల్ స్పూను, చింతపండు గుజ్జు 1 టేబుల్ స్పూను, ఫిష్ సాస్ 1 టీ స్పూను, వేడినీళ్ళు.

ఆజాడ్‌కి: కీరదోస 1, చిన్న ఉల్లిపాయలు 2, ఎర్ర పండుమిరప 1, వెనిగర్ పావు కప్పు, పంచదార 3 టేబుల్ స్పూన్లు, నీళ్ళు 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీ స్పూను.

ఇవి కాక మెత్తటి బన్నులు 4, నూనె.

400 మి.లీ. కొబ్బరిపాల డబ్బా ఒకటి చాలు, ఇంకా మిగులుతాయి. ‘లైట్’ అని రాసి ఉన్నది మాత్రం తీసుకోవద్దు, అందులో నీళ్ళు ఎక్కువ.

ముందే రెండు హెచ్చరికలు. కర్రీ పేస్టుల్లో చాలావాటిలో రొయ్యల ముద్ద ఉంటుంది, ఫిష్ సాస్ చేపలతో చేసేది. అతిథుల్లో ఎవరికైనా పల్లీలు, రొయ్యలు, చేపలు పడవేమో వండకముందే అడగండి. రెండోది, ఈ రెంటిలోనూ ఉప్పు దండిగా ఉంటుంది. అందుకే పైన మాంసానికీ సాస్‌కీ విడిగా ఉప్పు రాయలేదు. అలవాటుకొద్దీ చిటికెడు వేసేయకండి.

ఆజాడ్ ముందు

వెనిగర్, పంచదార, నీళ్ళు, ఉప్పు గిన్నెలో వేసి పంచదార కరిగేదాకా వేడిచేసి దించండి. పూర్తిగా చల్లారాకే సన్నగా చక్రాల్లా తరిగిన కీరదోస, ఉల్లి, మిరప కలపాలి. వేడిమీద పోస్తే దోసకాయ మెత్తబడి కరకరలాడదు. 20 నిమిషాలు ఊరితే చాలు.

పల్లీ సాస్

పల్లీ చట్నీ చేసిన చేతికి ఇది తేలికే, కానీ పద్ధతి వేరు. డబ్బాను కుదపకుండా తెరిస్తే పైన గడ్డకట్టిన మీగడ ఉంటుంది. దాన్ని 3 టేబుల్ స్పూన్లు తీసి చిన్న మూకుడులో మధ్యస్థ మంట మీద వేడిచేయండి. బుడగలు వచ్చాక కర్రీ పేస్ట్ వేసి 2, 3 నిమిషాలు వేయించాలి. మన కూరల్లో మసాలా మీద నూనె తేలేదాకా ఆగినట్టే ఇక్కడా ఆగాలి. పేస్ట్ పచ్చిగా ఉండిపోతే తర్వాత ఏం కలిపినా ఆ పచ్చివాసన పోదు. కొన్ని డబ్బాల్లో పాలు విడిపోకుండా గమ్ కలుపుతారు. వాటిలో మీగడా తేలదు, నూనే బయటికి రాదు. అలాంటప్పుడు ఓ టీ స్పూను నూనె వేసి వేయించండి.

తర్వాత మిగతా కొబ్బరిపాలు, బెల్లం, చింతపండు గుజ్జు, ఫిష్ సాస్ పోసి, సన్నటి మంట మీద బెల్లం కరగనివ్వండి. పీనట్ బటర్ చివర్లో. అది పడగానే సాస్ ఒక్కసారిగా ముద్దకట్టి, విరిగినట్టు కనిపించవచ్చు. కంగారుపడి పారబోయకండి. పల్లీ ముద్దకు నీరు కొంచెమే తగిలితే బిగుసుకుంటుంది, ఇంకాస్త తగిలితే వదులవుతుంది. వేడినీళ్ళు టేబుల్ స్పూను చొప్పున కలుపుతూ గరిటెతో తిప్పితే నునుపుగా వస్తుంది. మామూలుగా 3, 4 స్పూన్లు పడతాయి. దించేటప్పుడు గరిటె నుంచి ధారగా జారేంత పలచగా ఉండాలి. చల్లారేసరికి బాగా చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీదే చిక్కగా ఉంటే బన్ను మీద సిమెంటు అవుతుంది.

పీనట్ బటర్‌లో పంచదార కలిపినదైతే బెల్లం సగమే వేయండి. పల్లీలూ ఉప్పూ తప్ప మరేం లేని రకం మేలు. అది లేకపోతే 85 గ్రాముల పల్లీలు సన్నటి సెగ మీద దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో నూనె వదిలేదాకా తిప్పండి. మిక్సీ జార్ వేడెక్కుతుంది, నిమిషానికోసారి ఆపాలి. థాయ్ వంటలో వాడేది తాటి, కొబ్బరి బెల్లాలు. మన తాటిబెల్లం ఇంట్లో ఉంటే అంతకంటే దగ్గరి రుచి దొరకదు.

రుచి చూసి సరిచేయండి. తీపి ముందు తెలియాలి, వెనకాలే ఉప్పు, చివర పులుపు. ఎక్కువమంది సాస్‌లో తగ్గేది పులుపే.

మాంసం కలపడం

పాంకోని కొబ్బరిపాలలో 5 నిమిషాలు నాననిచ్చి ముద్దలా చేయండి. పాంకో లేకపోతే అంచులు తీసిన ఒక బ్రెడ్ ముక్క చాలు. ఈ ముద్ద చేసే పని పెద్దది. మాంసం పోగులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా అడ్డుపడుతుంది, ఉడికేటప్పుడు తడిని పట్టి ఉంచుతుంది. పొడి పాంకోని నేరుగా కలిపితే మాంసంలోని నీటినే పీల్చుకుంటుంది. అప్పుడు లాభం లేదు.

ఈ ముద్దలోనే కర్రీ పేస్ట్, ఫిష్ సాస్, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర, అల్లం, నూరిన వెల్లుల్లి, నిమ్మతొక్క తురుము వేసి బాగా కలిపేయండి. కీమా ఆఖరున. మసాలా అంతా ముందే కలిసిపోయింది కాబట్టి కీమాని వేళ్ళతో తేలిగ్గా కలిపితే సరిపోతుంది, అరనిమిషం పని. చపాతీ పిండిలా పిసికితే, ఉప్పు తగిలిన మాంసపు ప్రొటీన్లు జిగురుగా సాగి, బర్గర్ కాస్తా సాసేజ్‌లా రబ్బరుగా తయారవుతుంది.

మాంసంలోకి నిమ్మరసం పిండాలనిపిస్తుంది. వద్దు. పులుపు తగిలిన చోట మాంసం ముందే బిగుసుకుని, పెనం మీద విరిగిపోతుంది. వాసన అంతా తొక్కలోనే ఉంది. తురిమేటప్పుడు కింది తెల్లపొర రాకుండా చూడండి, చేదు. థాయ్ వంటల్లో వాడే మక్రుట్ నిమ్మాకులు దొరికితే నడిమి ఈనె తీసి రెండాకులు వెంట్రుకల్లా తరిగి వేయొచ్చు. దబ్బాకు వేసిన మజ్జిగ తాగినవాళ్ళకి ఆ ఘుమఘుమ కొత్తేమీ కాదు. నిమ్మగడ్డి వేస్తే అడుగున తెల్లగా ఉండే నాలుగంగుళాలే వాడాలి, అదీ మెత్తగా నూరి. లేకపోతే పీచు పళ్ళల్లో ఇరుక్కుంటుంది.

కొంచెం ముద్ద తీసి పెనం మీద కాల్చి రుచి చూడండి. పచ్చిమాంసం నాలుకకు తగలకుండా ఉప్పు చూసే దారి ఇదొక్కటే.

ప్యాటీలు

ముద్దను నాలుగు భాగాలు చేయండి, ఒక్కోటి సుమారు 140 గ్రాములు. టర్కీ ముద్ద మెత్తగా ఉండి చేతికి అంటుతుంది. చేయి తడుపుకుంటే చాలు, పిండి జోడించకండి. బన్ను కంటే ఒక సెంటీమీటరు వెడల్పుగా, ఒకటిన్నర సెంటీమీటర్ల మందంగా తట్టండి, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. మధ్యలో బొటనవేలితో సొట్ట పెట్టండి. గారెకి పెట్టినట్టు చిల్లు కాదు, సొట్టే. అది లేకపోతే అంచులు ముడుచుకుని నడుమ బంతిలా ఉబ్బుతుంది.

బటర్ పేపర్ మీద పేర్చి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే తిప్పేటప్పుడు విరగవు. రాత్రంతా మాత్రం ఉంచొద్దు. పచ్చి అల్లంలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైమ్ ఉంది, పొద్దునకి పైపైన పిండిపిండిగా అవుతుంది. ముందురోజే చేసి పెట్టుకోవాలంటే అల్లం మానేయండి.

కాల్చడం

ఇనప పెనం అన్నిటికంటే మంచిది. మధ్యస్థ మంట మీద 3, 4 నిమిషాలు వేడెక్కనిచ్చి, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నూనె వేసి ప్యాటీలు పెట్టండి. మొదటి వైపు 5, 6 నిమిషాలు కదపొద్దు. అడుగు ఎర్రగా కాలాక దానంతట అదే పెనాన్ని వదులుతుంది. వదలకపోతే ఇంకా కాలలేదని అర్థం. తిప్పాక 4, 5 నిమిషాలు. అట్లకాడతో నొక్కే అలవాటుంటే మానుకోండి. జుయ్యిమని వచ్చే ఆ చప్పుడు, మీరు ఇంత కష్టపడి లోపల దాచిన రసం ఆవిరైపోయే చప్పుడు.

మంట పెంచితే పైన కర్రీ పేస్ట్ మాడి చేదెక్కుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఉడికిందో లేదో రంగు చూసి తేల్చలేం. టర్కీ మాంసం పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగులో ఉండొచ్చు, ఉడక్కముందే తెల్లబడనూ వచ్చు. థర్మామీటరు పక్కనుంచి నడిమధ్యకు గుచ్చి 74 డిగ్రీలు వచ్చిందేమో చూడండి. పైనుంచి గుచ్చితే మొన పెనం దగ్గరికి పోయి తప్పు చూపిస్తుంది. 74 రాగానే తీసేయాలి, ‘ఇంకో రెండు నిమిషాలు’ అనే జాగ్రత్తే చాలా టర్కీ బర్గర్లను పాడుచేసింది.

ఎయిర్ ఫ్రయర్‌లో అయితే నూనె పూసి 190 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. బొగ్గుల మీద చేసేవాళ్ళు జాలీకి తప్పకుండా నూనె రాయాలి. కొవ్వు తక్కువ మాంసం ఇట్టే అంటుకుపోతుంది. పచ్చి ప్యాటీలు పెట్టిన పళ్ళెంలో కాల్చినవి పెట్టకండి.

కూర్చడం

తీశాక మూడు నిమిషాలు ఆగండి. ఈలోపు అదే పెనం మీద బన్నుల లోపలి వైపు కాల్చాలి. కాలిన పొర లేకపోతే సాస్ పీల్చుకుని బన్ను రెండో కొరుకుకే చేతిలో విడిపోతుంది. కింది ముక్క మీద ఒక టేబుల్ స్పూను సాస్, ప్యాటీ, మళ్ళీ ఒక టేబుల్ స్పూను సాస్, గట్టిగా పిండి తీసిన ఆజాడ్ ముక్కలు, కొత్తిమీర రెమ్మలు. థాయ్ తులసి దొరికితే నాలుగాకులు వేయండి. చీజ్ అక్కర్లేదు, పల్లీ ఉన్నచోట అది బరువే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టర్కీ మాంసం వెతుక్కోవడం కంటే చికెన్‌తో చేసుకోవడం సులువు. కొట్టులో రొమ్ము కాకుండా ఎముక తీసిన లెగ్ మాంసం కీమా కొట్టించుకోండి. అందులో కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి కొబ్బరిపాలు రెండు స్పూన్లు చాలు. మిగతా కొలతలూ 74 డిగ్రీలూ మారవు.

మిగిలితే

కాల్చిన ప్యాటీలు ఫ్రిజ్‌లో 3 రోజులు, సాస్ 4 రోజులు ఉంటాయి. అల్లం లేని పచ్చి ప్యాటీలను మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో 3 నెలలు దాచొచ్చు, కాల్చేముందు రాత్రి ఫ్రిజ్‌లోకి దించితే చాలు. సాస్ ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది. రెండు స్పూన్ల వేడినీళ్ళు పోసి సన్నటి సెగ మీద తిప్పండి, తెర్లనివ్వకండి, నూనె విడిపోతుంది. బర్గర్‌కి పోను మిగిలిన సాస్ ఉడికించిన నూడుల్స్‌కి బాగుంటుంది, ఇడ్లీకీ బాగానే ఉంటుంది.