జంప్ స్టార్టర్ కొనేముందు
మొన్న అరసవల్లి దర్శనం అయ్యాక బయటికొచ్చి తాళం తిప్పితే మా డీజిల్ బండి టక్ టక్‌మంటుందే తప్ప స్టార్ట్ కాదు. లైట్లు ఆపడం మర్చిపోయాను, బ్యాటరీ దిగిపోయింది. డిక్కీలో ఉన్న జంప్ స్టార్టర్ (బ్యాటరీ దిగిపోయిన బండిని స్టార్ట్ చేసే, పవర్ బ్యాంక్ లాంటి డబ్బా) కూడా చేతులెత్తేసింది. అది చిన్న పెట్రోలు కార్లకి సరిపోయేది మరి.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే పీక్ ఆంప్స్ (క్షణంపాటు ఇవ్వగల గరిష్ఠ కరెంటు), ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో) చూసి కొనేయకండి. ఎన్ని లీటర్ల డీజిల్ ఇంజిన్ వరకు పనిచేస్తుందో విడిగా రాసుంటుంది, అది చూడండి. డీజిల్‌కి కరెంటు ఎక్కువ కావాలి. కారు బ్యాటరీకి తగిలించే క్లిప్పులు తిరగేసి పెట్టినా కాలిపోని రకమే తీసుకోండి; చీకట్లో, కంగారులో ఎరుపేదో నలుపేదో ఎవరికి తెలుస్తుంది? ఎండలో ఆపిన కార్లో దాన్ని వదిలేస్తే లిథియం బ్యాటరీ ఉబ్బొచ్చు, ఇంట్లోకి తెచ్చేయండి. 3 నెలలకోసారి ఛార్జింగ్ పెట్టండి.