గాలం పాఠాలు – 4: రబ్బరు చేపను ఈదించడం

కిందటి మూడు పాఠాల్లో రాడ్, రీలు ఎంచుకున్నాం, బ్రెయిడ్‌కు (అల్లిన లైన్‌కు) లీడర్, అంటే చివర కట్టే గట్టి లైన్ ముక్క, ముడి వేశాం, విసరడం నేర్చుకున్నాం. ఉత్త సీసం ముక్క కట్టి ఇరవై మీటర్ల అవతల అనుకున్న చోట పదిసార్లలో ఏడుసార్లు వేయగలుగుతుంటే ఈ పాఠంలోకి రండి. ఇంకా కుదరకపోతే మరో రెండు సాయంత్రాలు విసరడం మీదే పెట్టండి. తొందరేం లేదు.

ఈసారి సాఫ్ట్ ప్లాస్టిక్ స్విమ్‌బెయిట్. పేరు పెద్దది గానీ వస్తువు చిన్నదే. మెత్తటి ప్లాస్టిక్‌తో పోసిన చేపపిల్ల, తోక చివర చిన్న గరిటెలా వంగిన ముక్క. ఆ ముక్కనే పాడిల్ టెయిల్ అంటారు. లాగినప్పుడు నీళ్లు దానికి తగిలి తోక అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఒళ్లు కూడా ఊగుతుంది. చేపకు రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీళ్లలో పుట్టే సన్నటి అదురు కూడా దానికి ఆ గీత దగ్గర తెలిసిపోతుంది. కృష్ణలో కొత్తనీరు వచ్చి ఎర్రగా పారే రోజుల్లో ఎర కంటికి ఆనకపోయినా ఈ అదురుకే చేప తిరిగి చూస్తుంది.

వీడియోలు చూసి మొదలుపెట్టిన వాళ్లు ముందుగా అడిగేది, వాటిలో ఈ ఎరతో పట్టే బాస్ చేప మన దగ్గర ఉంటుందా అని. ఆ వీడియోల్లో పట్టేది లార్జ్‌మౌత్ బాస్, ఉత్తర అమెరికా చేప. మన కృష్ణలో లేదు. తెచ్చి వదలాలన్న ఆలోచన కూడా వద్దు. 1925లో జపాన్‌లో ఆషి సరస్సులో ఆ చేపను వదిలారు. అక్కడి నుంచి దేశమంతా పాకి స్థానిక చేపలను తినేస్తుంటే చివరికి చట్టం చేసి అడ్డుకోవాల్సి వచ్చింది. మనకు అదే తీరులో వేటాడేవి రెండున్నాయి. ఒకటి పండుగప్ప, దీన్ని ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్ అంటారు. రెండోది కొరమీను. లార్జ్‌మౌత్‌కూ వీటికీ చుట్టరికం లేదు. కానీ మూడూ ఏదో ఒక చాటున కదలకుండా కాచుకుని, ఎర దగ్గరికి రాగానే ఒక్క ఊపులో మింగేవే. అందుకే బాస్ కోసం పుట్టిన ఈ ఎర మన చేపలకూ పనిచేస్తుంది.

మెత్తటి ప్లాస్టిక్ ఎరలకు దారి చూపించినవాడు నిక్ క్రీమ్. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో భార్యతో కలిసి వంటింట్లోనే వినైల్ కాచి వానపాము అచ్చులు పోశాడు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న చేపపిల్ల కూడా ఆ వరసలో వచ్చిందే.

మొదటి ప్యాకెట్ మూడున్నర, నాలుగు అంగుళాల సైజులో కొనండి. రంగుల గురించి ఎక్కువ ఆలోచించొద్దు. తేట నీళ్లకు పరిగెపిల్లలా తెల్లటి వెండి రంగు, కలక నీళ్లకు నలుపు గానీ ముదురు రంగు గానీ, రెండు చాలు. దీనికి పది గ్రాముల జిగ్ హెడ్ సరిపోతుంది. సీసం తల పోసిన హుక్‌నే జిగ్ హెడ్ అంటారు. హుక్ సైజు 3/0 గానీ 4/0 గానీ ఉండాలి.

ఇక ఎక్కించడం. పాఠం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, నెమ్మదిగా చదవండి.

బెయిట్‌ను అరచేతిలో పడుకోబెట్టండి. జిగ్ హెడ్‌ను దాని పక్కన ఆనించి, సీసం తల వెనక అంచు బెయిట్ ముక్కు దగ్గరకు వచ్చేలా పెట్టండి. హుక్ వంపు ఎక్కడిదాకా వస్తుందో చూసి, అక్కడ బెయిట్ వీపు మీద బొటనవేలి గోటితో ఒక నొక్కు నొక్కండి. ఆ గుర్తు దగ్గరే మొన బయటికి రావాలి. వీపు వెంబడి సన్నటి అతుకు గీత కనిపిస్తే అదే నడిగీత. ఇప్పుడు ముక్కుకు సరిగ్గా మధ్యలో మొన గుచ్చండి. గుచ్చాక హుక్‌ను లోపలికి పొడవకండి. హుక్‌ను కదలకుండా పట్టుకుని, తలగడకు గలీబు తొడిగినట్టు బెయిట్‌నే కొద్దికొద్దిగా దాని మీదికి ఎక్కించండి. గోటి గుర్తు దగ్గరికి రాగానే మొనను నడిగీతలోంచి బయటికి తీసి, ముక్కును సీసం తలకు ఆనేదాకా జరపండి. ముక్కు దగ్గర ఒక్క చుక్క ఫెవిక్విక్ వేస్తే విసిరినప్పుడు జారదు.

తర్వాత లీడర్‌కు వేలాడదీసి ముందు నుంచి చూడండి. ముక్కు, వీపు గీత, తోక ఒకే వరసలో ఉండాలి. కడుపు దగ్గర ముడత పడిందంటే మొన తీయాల్సిన చోటు దాటాక ఆలస్యంగా తీశారన్నమాట. బాగా సాగిందంటే ముందే తీశారు. అగ్గిపుల్ల మందం తేడా ఉన్నా తీసి మళ్లీ ఎక్కించండి. వంకరగా ఎక్కిన బెయిట్ నీళ్లలో ఈదదు, బొంగరంలా తిరుగుతుంది. లైన్ మెలిపడుతుంది, చేప దగ్గరికే రాదు. "రోజంతా విసిరాను, ఒక్కటీ తగల్లేదు" అన్నవాళ్ల బెయిట్ తీసి చూశాను. చాలాసార్లు కారణం అక్కడే కనిపించింది. రాడ్ మార్చారు, చోటు మార్చారు, వంకర మాత్రం అలాగే ఉంది.

నది దాకా పోకుండా ఇంట్లోనే నీళ్ల తొట్టిలో చేత్తో లాగి చూడండి. తోక రెండు వైపులా ఒకే లెక్కన కొట్టుకోవాలి. ఒక పక్కకు ఒరిగితే ఎక్కించడంలోనే తప్పుంది.

లాగడం గురించి చెప్పాల్సింది ఒకే ఒక్కమాట: నెమ్మది. బెయిట్ నీళ్లలో పడగానే రీలు తిప్పకండి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగనివ్వండి. లైన్ వదులైందంటే అడుగు తాకిందని. ఎనిమిది దాకా పట్టిందనుకోండి, ఈసారి ఆరుకే తిప్పడం మొదలుపెడితే బెయిట్ అడుగుకు కాస్త పైన వస్తుంది. పిడి ఒక చుట్టు తిరగడానికి రెండు సెకన్లు పట్టాలి. రాడ్ కొన నీళ్లకేసి వంచి, చూపుడువేలు లైన్‌కు ఆనించండి. దూరంగా ఇంజన్ బోటు పోతుంటే గట్టు మీద కూర్చున్న మనకు తెలిసే అదురులాంటిది వేలికి తగులుతుంది. అదే తోక కొట్టుకోవడం. అది తెలిసేంత వేగం చాలు, అంతకు మించి ఒక్క చుట్టు కూడా ఎక్కువ వద్దు. అదురు ఆగిందంటే నాచు పట్టుకుందనో, వేగం చాల్లేదనో, లేక చేప వెనక నుంచి మింగి మన వైపే వస్తోందనో అర్థం. మూడో దానికి సిద్ధంగా ఉండాలి.

నాలుగైదు చుట్లకోసారి తిప్పడం ఆపి, రెండు సెకన్లు బెయిట్‌ను జారనివ్వండి. దెబ్బ ఎక్కువగా ఆ జారేటప్పుడే పడుతుంది. అప్పుడు కళ్లు లైన్ మీదే ఉండాలి. లైన్ పక్కకు జరిగినా, దిగాల్సినదానికన్నా ముందే ఆగినా నోట్లో పడినట్టే. పండుగప్ప కరవదు, నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. చేతికి 'ధన్' మని ఒక్క తాకిడి తెలుస్తుంది. ఉలిక్కిపడి రాడ్ పైకి ఎత్తారంటే బెయిట్ నోట్లోంచి జారిపోతుంది. రెండు చుట్లు తిప్పి బరువు తెలిశాక రాడ్‌ను పక్కకు లాగండి.

బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల దగ్గర గుర్రపుడెక్క, తూడు ఉన్నచోట జిగ్ హెడ్ పనికిరాదు, ప్రతి లాగుకూ చెత్తే వస్తుంది. అక్కడ కొరమీను కోసం మొన బయటికి కనిపించని హుక్ వాడాలి. కాడ మీద కొంచెం సీసం ఉన్న వెడల్పు వంపు హుక్ అది. ముక్కులో ఒక సెంటీమీటరు లోపలికి గుచ్చి, కిందినుంచి తీసి, హుక్‌ను తిప్పి, మొనను కడుపులోంచి వీపులోకి తెచ్చి, వీపు చర్మంలో పైపైన దాచిపెట్టాలి. బెయిట్ నిటారుగా ఉండాలన్న లెక్క ఇక్కడా అంతే. కొరమీను గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకి వస్తుంది. గుర్రపుడెక్క సందులో నీళ్లు బుడుంగుమన్న చోటు గుర్తుపెట్టుకుని, దానికి రెండు గజాల అవతల వేసి ఆ సందులోంచి లాగండి. ఒకమాట మాత్రం మరవకండి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన ముద్దలా కదులుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. అక్కడ వేస్తే తప్పకుండా పడతాయి, కానీ వేయకండి. పెద్దవి పోతే ఆ పిల్లలన్నీ ఒక్క పూటలో మిగతా చేపల పాలవుతాయి.

పండుగప్ప కథ వేరు. అది గుడ్లు పెట్టేది నది ఉప్పునీళ్లతో కలిసే చోట. పిల్లలు నదిలోకి ఎదురెక్కి పెరుగుతాయి. 1855లో కట్టిన ఆనకట్ట, తర్వాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఆ దారికి అడ్డు. కాబట్టి దాని కోసం దిగువకు, అవనిగడ్డ, నాగాయలంక వైపు పోవాలి. అక్కడ పోటు, పాటు తెలియకుండా వేసే గాలం దండగ. మొదటిసారి పులిగడ్డ దిగువన నిలబడి పోటులో రెండు గంటలు విసిరాను. పడవ కడుతున్న పెద్దాయన ఒకరు చూసి, "అబ్బాయ్, పాటు తిరిగిందాకా ఆగు. చిన్న కాలవల్లోంచి నీళ్లు దిగేటప్పుడు పరిగె, రొయ్య బయటికి కొట్టుకొస్తాయి. అది ఆ మూల కాసుక్కూర్చుంటది" అన్నారు. ఆగాను. పాటు మొదలైన అరగంటకు తగిలింది. కానీ నేను కట్టింది పదిహేను పౌండ్ల బరువు ఆపే లీడర్. చేప ఒక్కసారి గాల్లోకి లేచి తల విదిలించింది, లైన్ తేలిపోయింది. చుట్టి చూస్తే లీడర్ చివర బ్లేడుతో కోసినట్టుంది. పండుగప్ప మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది, నోటి లోపల ఉప్పుకాగితంలా గరుకు. దానికి నలభై పౌండ్ల లీడర్, కనీసం రెండడుగుల పొడవు ఉండాల్సిందే. నా హుక్ ఆ చేప నోట్లోనే ఉండిపోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. చేత్తో పట్టుకునేటప్పుడు కూడా మొప్పల దగ్గర వేళ్లు పెట్టకండి, కింది పెదవినే పట్టండి.

పండుగప్ప ముందు మగదిగా ఎదుగుతుంది, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. సుమారు మీటరు పొడవున్న చేప దొరికిందంటే అది గుడ్లు పెట్టే తల్లే అనుకోవచ్చు. ఫొటో తీసుకుని వదిలేయండి. కూరకు చిన్నదే రుచి కూడా.

బ్యారేజీ గేట్ల దగ్గరికి, వాటి కింది ఇసుక తిన్నెల మీదికి వెళ్లకండి. గేట్లు ఎత్తితే నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. చెరువుల్లో, కాలువల్లో చేపల హక్కు సాధారణంగా అక్కడి మత్స్యకార సంఘానిది, అడిగి వేయండి. నది చివర మడ అడవుల్లో కృష్ణా అభయారణ్యం ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా అందులోకి దిగకూడదు.

మన ఎండల గురించి ఒక జాగ్రత్త. మే నెలలో బెజవాడలో కారు డిక్కీలో బెయిట్లు వదిలేస్తే సాయంత్రానికి తోకలు మడతపడిపోతాయి. కొన్ని రకాలు ఒకదానికొకటి తగిలి కరిగి అతుక్కుంటాయి కూడా. ఏ ప్యాకెట్‌వి ఆ ప్యాకెట్‌లోనే, తోక తిన్నగా ఉండేలా పెట్టుకోండి. వంగిన తోకను వేడినీళ్లలో ఒక నిమిషం ముంచి, చల్లనీళ్లలో వేసి, బల్ల మీద నిటారుగా ఆరబెడితే చాలావరకు బాగవుతుంది. చిరిగిన బెయిట్లు నీళ్లలో పారేయకండి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి. చేప మింగితే అరగదు.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది ఇది. ఒకే బెయిట్‌ను పాడవకుండా రెండుసార్లకు మించి గుచ్చలేం కాబట్టి, పాత బెయిట్లు ఐదు తీసుకుని ఒక్కోదాన్ని గోటి గుర్తుతో ఎక్కించి తొట్టిలో లాగి చూడండి. ఐదింటిలో నాలుగు తిన్నగా ఈదితే నదికి వెళ్లండి. అక్కడ మొదటి పది విసుర్లు కళ్లు మూసుకుని లాగండి. తోక అదురు వేలికి ఎప్పుడు తెలిసింది, ఎంత వేగంలో పోయింది నోట్‌బుక్‌లో రాసుకోండి. ఐదో పాఠంలో చేప తగిలాక డ్రాగ్ (చేప లాగితే రీలు లైన్ వదిలే బిగువు) ఎంత బిగించాలో, గట్టు దాకా ఎలా తేవాలో చూద్దాం. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని రండి.